పన్నెండో వారం, మూడో రోజు

1947 జూన్‌లో నన్ను లింగంపల్లి స్టేషనుకు దగ్గరలోని ఉపాధ్యాయినుల ట్రైనింగు కాలేజీలో సహాయ అధ్యాపకురాలిగా వేశారు. హోదా మున్సరిం. అంటే పని, జీతం, సంతకం అన్నీ ఉంటాయి గాని పోస్టు పక్కా కాదు. పై అధికారి ఏడాదికొకసారి మన మిసిల్, అంటే ఫైలు, తెప్పించుకుని కొనసాగించవచ్చునని రాస్తేనే ఇంకో ఏడాది. నేను అక్కడ రెండేళ్ళు పనిచేశాను. ఇప్పుడు ఇంట్లో పాపతో ఉంటున్నాను. ఈ వృత్తిలోకి రావాలనుకునే ఆడపిల్లలు కొందరు అక్కడ అసలేం పని ఉంటుందని అడుగుతుంటారు. పాఠాలు చెప్పడం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రోజులు లెక్కపెట్టే పని గురించి రాస్తాను. నేను తప్పు చేసింది అందులోనే.

కాలేజీ అంటే పెద్ద భవనాలేమీ ఊహించుకోవద్దు. కిరాయికి తీసుకున్న పాత రాతి ఇల్లు, వెనక రెండు రేకుల గదులు, వాటి వెనక సీతాఫలం పొదలు, ఆ పైన బండరాళ్ళు. రెండేళ్ళ చదువు. ఏడాదికి పద్నాలుగు మంది. అందరూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, అక్కడే ఉండి చదువుకునేవాళ్ళు. ప్రిన్సిపాల్ రాజ్యలక్ష్మిగారు బెజవాడ వైపు నుంచి వచ్చారు. ఆమె కింద మేము ముగ్గురం. నాకు బోధన పద్ధతుల పాఠాలు, హాజరు పట్టీ, పై ఆఫీసుకు ఉత్తరాలు, వీటితోపాటు వారాల పుస్తకం అప్పగించారు.

వారాల పుస్తకం మా కాలేజీ ఏటా అచ్చువేయించే చిన్న పుస్తకం. ముతక నీలం అట్ట, వారానికొక పేజీ. పేజీ పైన వారం అంకె, కింద ఆరు గీతలు, ఒక్కో గీత పక్కన రోజు అంకె, దాని పేరు. నెల ఉండదు, తారీఖు ఉండదు. పరీక్షలు, పాఠం చెప్పే వంతులు, వంటగది వంతులు అన్నీ పిల్లలు అందులోనే రాసుకోవాలి.

తారీఖులు లేకపోవడానికి కారణం ఉంది. సర్కారు కాగితాలు ఫసలీ పంచాంగం నెలల్లో నడిచేవి: ఆజూర్, దై, బహమన్. ప్రిన్సిపాల్‌గారికి జనవరి, ఫిబ్రవరి తప్ప నోరు తిరగదు. పిల్లలకు ఇంటి దగ్గర పుష్యం, మాఘం. తొలి ఏడు ఎవరో దై ఇరవైన పరీక్ష అని చెబితే ముగ్గురు మూడు లెక్కలు వేసుకుని ముగ్గురూ తప్పు రోజునే వచ్చారట. అప్పటినుంచి, కాలేజీ తెరిచిన రోజు మొదలు వారాలు లెక్కపెట్టి, వారం అంకె, రోజు అంకె చెప్పడం అలవాటైంది. వారపు సెలవు శుక్రవారం. కాబట్టి శనివారం ఒకటో రోజు, గురువారం ఆరో రోజు. నేను చేరిన నెలకే అది నా వేళ్ళకు పట్టింది. ఇంట్లో కూడా రోజు పేరు రాక అంకె వచ్చేది. మా అత్తగారు “నాలుగో దినమేందే, మంగళారం అని నోరారా అనరాదా?” అని నవ్వేది.

కాలేజీ తెరిచిన రోజున రెండో ఏడు పిల్లలు మొదటి ఏడు పిల్లలకు ఈ పుస్తకం చేతికివ్వడం ఆనవాయితీ. ఇచ్చేముందు ఏదో ఒక పేజీలో ఒక మాట రాసిపెడతారు. తీసుకున్న పిల్ల ముందే తిరగేసి చూడకూడదు, ఆ వారం వచ్చినప్పుడే చదవాలి. “ఏడో వారం ఏడుపొస్తది. ఎనిమిదో వారం పోతది” అని ఒకరు రాశారు. “ఈ వారం పప్పు నా దోస్తు వండుతది. రాళ్ళు చూసి తిను” అని ఇంకొకరు. చూడొద్దన్నా అందరూ మొదటి రాత్రే చూసేవాళ్ళు. ఆ వారం వచ్చినప్పుడు మళ్ళీ కొత్తగా చదివినట్టు నవ్వేవాళ్ళు.

1948 ఆగస్టులో మొదటి పదకొండు వారాల పేజీలు నగరంలోని ఛాపఖానాలో అచ్చయ్యాయి. తరువాత కాగితం దొరకలేదు. సెప్టెంబరులో రాజ్యమే మారిపోయింది, కాలేజీ మూతపడింది. ఆ నెలలోనే నాకు పాప పుట్టింది. నవంబరులో కాలేజీ తెరిచారు. తారీఖుల్లేని పుస్తకం కాబట్టి ఆలస్యంగా తెరిచినా పనికొచ్చింది. అచ్చయిన సగాన్నే కుట్టించి పిల్లలకు ఇచ్చాం. మిగతా సగం ఛాపఖానాకు పోయేలోపలే కొత్త ఉత్తర్వు వచ్చింది: ఇకమీదట వారపు సెలవు ఆదివారం. మా లెక్కలో అది సరిగ్గా పన్నెండో వారం నుంచి అమలు. ముందే అచ్చువేయించి ఉంటే అంతా పారేయవలసి వచ్చేది, కాగితం దొరక్కపోవడమే మంచిదైందని ప్రిన్సిపాల్‌గారు సంతోషించారు. పన్నెండో వారం మొదలుకుని ప్రతి పేజీలో సోమవారం ఒకటి, శనివారం ఆరు అని ప్రూఫు మీద నేనే దిద్దాను. ఒళ్ళో పాపను పెట్టుకుని దిద్దాను గాని, ఒక్క తప్పూ దొర్లలేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పుస్తకంలో తప్పు లేదు.

పదకొండో వారం గురువారంతో అయిపోయింది, అప్పటికే రెండో సగమూ అచ్చయి పిల్లల చేతికొచ్చింది. శుక్రవారం పాత సెలవు. పన్నెండో వారం సోమవారంతో మొదలు, దానికి ముందు ఆదివారం కొత్త సెలవు. మధ్యన శనివారం మిగిలిపోయింది. అది పాత సగంలోనూ లేదు, కొత్త సగంలోనూ లేదు. పిల్లలు దానికి దిక్కులేని శనివారం అని పేరు పెట్టారు. హాజరు పిలుస్తుంటే ఒక పిల్ల లేచి, “అమ్మా, ఇయ్యాల మనం ఉన్నట్టా, లేనట్టా?” అని అడిగింది. ప్రిన్సిపాల్‌గారు, “ఉన్నారో లేరో తర్వాత చూద్దాం, ముందు సున్నం బకెట్లు పట్టండి” అని గదులకు సున్నం వేయించారు. నేను నా బల్ల దగ్గర కూర్చుని ఉత్తరాలు రాశాను. మామూలు శనివారంలాగే వచ్చాను, మామూలుగానే పని మొదలుపెట్టాను. అక్కడే నా తల వారాన్ని మొదలుపెట్టేసింది. ఈ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు నాకు తెలియదు.

ఆ రోజు నేను రాసిన కాగితాలు రెండు. రెండూ సత్తెమ్మవే.

సత్తెమ్మ రెండో ఏడు పిల్ల. మణికొండ కుమ్మరివాళ్ళ అమ్మాయి, పంతొమ్మిదేళ్ళుంటాయి. రెండో ఏడు పిల్లలందరికీ పరీక్ష పాఠం ఉంటుంది. పక్కనే ఉన్న అభ్యాస బడిలో నలభై నిమిషాలు పిల్లలకు పాఠం చెప్పాలి, ఇన్‌స్పెక్ట్రెస్‌గారు వెనక కూర్చుని చూసి రిజిస్టరులో రాస్తారు. జబ్బు చేసి రాలేకపోతే దవాఖాన చిట్టీ చూపిస్తే ఇంకొక్కసారి అవకాశం ఇస్తారు. ఒక్కసారే. రెండోసారీ రాకపోతే గైర్‌హాజరు అని రాసి, పట్టీలోంచి పేరు కొట్టేస్తారు. పదకొండో వారంలో పదమూడుగురి పాఠాలు అయిపోయాయి. సత్తెమ్మకు ఆ వారమంతా చలిజ్వరం. ఆమె పాఠం పన్నెండో వారం మూడో రోజుకు పెట్టాం. అదే ఆమెకున్న చివరి అవకాశం.

ఆమె నెగ్గితే మణికొండలో ఆడపిల్లల బడికి తన కొట్టం ఖాళీ చేసి ఇస్తానని ఆ ఊరి పటేలు మాటిచ్చాడు. నెగ్గకపోతే ఆ కొట్టంలో బర్రెలే ఉంటాయి. ఇది సత్తెమ్మ నాకు చాలాసార్లు చెప్పింది, నవ్వుతూనే.

మొదటి కాగితం సెలవు చిట్టీ. ఆమె పాఠం కుండ మీద. ఇంటికి పోయి మట్టి, కుండలు చేసే సారె దగ్గరి పనిముట్లు, కాల్చినవీ కాల్చనివీ కుండలు తెచ్చుకుంటానంది. ఆమె అడిగినట్టే మంగళవారం సాయంత్రం వరకు సెలవు అని రాసి సంతకం పెట్టాను. రెండో కాగితం ఇన్‌స్పెక్ట్రెస్‌గారి ఆఫీసుకు. మా వారాల లెక్క వాళ్ళకు తెలియదు కాబట్టి రోజు పేరు, తారీఖు రాసి పంపాలి. పన్నెండో వారం మూడో రోజు. శనివారం ఒకటి, ఆదివారం రెండు, సోమవారం మూడు. సోమవారమని రాసి, ఆ పూట బండికే మనిషి చేత పంపాను. ఆ మధ్యలో ఉన్న ఆదివారం సెలవని కూడా నాకు తట్టలేదు. ఒక కాగితంలో మంగళవారం వరకు సెలవిచ్చి, ఇంకో కాగితంలో సోమవారం పాఠానికి పిలిచాను. రెంటి మీదా ఒకే సిరా.

సోమవారం పొద్దున పాసింజరులో ఇన్‌స్పెక్ట్రెస్‌గారు దిగారు. అభ్యాస బడి పిల్లలను కూర్చోబెట్టాం. సత్తెమ్మ లేదు. హాస్టలు గదికి పోయి అడిగితే ఆమె గదిలో ఉండే పిల్ల బిత్తరపోయింది. “మణికొండ పోయింది గద అమ్మా. మీరే చిట్టీ ఇస్తిరి.”

నాకు ఏమీ అర్థం కాలేదు. చిట్టీ ఇచ్చిన మాట గుర్తుంది. మూడో రోజు పాఠమన్న మాటా గుర్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి ఎలా అడ్డొచ్చాయో మాత్రం తెలియలేదు. సత్తెమ్మే ఏదో చెప్పి నా చేత సంతకం పెట్టించుకుందని అనుకున్నాను. అలా అనుకోవడం సులువుగా ఉంది. ఇన్‌స్పెక్ట్రెస్‌గారు తరువాతి బండి వరకు ఆగారు. ఒక్క కటువు మాటా అనలేదు. రిజిస్టరులో ఒక పదం రాసి, సిరా ఆరడానికి ఇసుక చల్లి, మూసి వెళ్ళిపోయారు.

మంగళవారం సాయంత్రం సత్తెమ్మ వచ్చింది. నెత్తిన గంప, వెనక వాళ్ళమ్మ మల్లమ్మ నెత్తిన ఇంకో గంప. మూడు కోసులు నడిచి వచ్చారు. నేను గుమ్మంలోనే కోప్పడ్డాను. పరీక్ష రోజున ఇంట్లో కూర్చున్నావా, ఇంత చదివించింది ఇందుకేనా అన్నాను. సత్తెమ్మ గంప దించకుండానే అడిగింది.

“పరీక్ష రేపు గద అమ్మా?”

“నిన్న. మూడో రోజు నిన్న.”

“నిన్న సోమారం.”

“సోమవారమే మూడో రోజు.”

ఆమె గంప దించి, కొంగుముడిలోంచి వారాల పుస్తకం తీసి పన్నెండో వారం పేజీ తెరిచింది. “సోమారం ఒకటి. మంగళారం రెండు. బుధారం మూడు. మీరే గద అమ్మా అచ్చు ఏయించింది.”

నేను చదివాను. మళ్ళీ వేళ్ళ మీద లెక్కపెట్టాను. సోమవారం వచ్చింది. పేజీ చూశాను, బుధవారం. కళ్ళు మూసుకుని లెక్కపెడితే మళ్ళీ సోమవారం. కాన్పు తరువాత నాకు నిద్ర సరిగా లేదు, మతిమరుపు వచ్చిందని ముందే బెంగగా ఉండేది. ఇప్పుడు నా తలే చెడిపోయిందేమోనని నిజంగా భయపడ్డాను. ఆ పేజీలో పేర్లు దిద్దిన చెయ్యే వేరే లెక్క వేయడం ఎలా సాధ్యమో నాకు అంతుపట్టలేదు.

మల్లమ్మ మా ఇద్దరినీ చూసి చూసి విసిగిపోయింది. “మీ ఒకటి, రెండు ఏందమ్మా? మా ఊళ్ళె అంగడి బేస్తారం. అంగడికి ముందటి దినం నా బిడ్డ పాఠం అని చెప్తే ముసలిదానికి నాకు సుత తెలుస్తుండె. సర్కారు సుక్కురారం సెలవిచ్చినా, ఐతారం సెలవిచ్చినా మా బర్రె రెండు పూటలా పాలిస్తది. సదువుకున్నోళ్ళకే పరేషాన్.” తరువాత గొంతు తగ్గించి, “ఇగ దాని పేరు కొట్టేస్తరా?” అని అడిగింది.

మర్నాడు, అసలైన మూడో రోజున, సత్తెమ్మ గంజిపెట్టిన చీర కట్టుకుని, కుండలన్నీ వరసగా పేర్చుకుని అభ్యాస బడిలో నిలబడింది. ఎవరూ రారని తెలుసు. ఎందుకు నిలబడ్డావని అడిగితే, “నా దినం ఇదే గదా. రానట్టు రాసుకోవద్దని” అంది. ఆ రోజు పూర్తిగా అర్థమైంది నాకు. ఆమె పేజీ చూసింది, నేను చూడలేదు. అంతే జరిగింది.

ప్రిన్సిపాల్‌గారికి చెప్పాను. ఆమె, “సుశీలగారూ, ఈ నెల్లోనే మీ పోస్టు పక్కా చేసే మిసిల్ ఇన్‌స్పెక్ట్రెస్‌గారి దగ్గరికి వెళ్తోందండీ. ఎవరి పేరూ ఎత్తకుండా రాద్దాం. సెలవు మారడం వల్ల రెండు లెక్కల మధ్య తేడా వచ్చిందని. అబద్ధం కాదు కదండీ?” అన్నారు. అబద్ధం కాదు. నేను అలాగే కైఫియత్ రాశాను. కైఫియత్ అంటే తప్పు జరిగినప్పుడు పై ఆఫీసుకు ఇచ్చుకునే సంజాయిషీ. ఒక పేజీ నిండా రాశాను. పాత వారం, కొత్త వారం, దిక్కులేని శనివారం అన్నీ వివరించాను. చదివితే నాకే తల తిరిగింది. అదే మంచిదని కూడా లోపల అనిపించింది.

వారం తరువాత ఆ కాగితం తిరిగి వచ్చింది. కింద ఇన్‌స్పెక్ట్రెస్‌గారి చేతిరాతతో రెండు మాటలు: “ఎవరి లెక్క?” దాని కింద, మూడు రోజుల్లో జవాబు రాకపోతే లెక్క తప్పింది విద్యార్థినిదని భావించి పేరు తొలగించడం జరుగుతుందని గుమాస్తా రాసిన వాక్యం.

మావారు స్టేషనులో గూడ్సు గుమాస్తా. కాగితం చదివి మడిచి ఇచ్చారు. “నీ పోస్టు ఆమె చేతిలనే ఉన్నది. జర ఆలోచించు. ఆ పిల్లకు పోస్టు లేదు, పోయేదేం లేదు. నీకు పాప ఉన్నది” అన్నారు. చెడ్డ మనిషి కాదు. ఆ మాట నేనే అనుకుని ఉన్నాను కాబట్టి ఆయన్ను తప్పు పట్టలేకపోయాను. మొదటి రోజు ఏమీ రాయలేదు. పాపకు విరేచనాలు, దవాఖానకు తిరగడంతో రెండో రోజూ గడిచిపోయింది. ఉద్యోగం పోతే ఇలాంటప్పుడు ఎట్లా అని ఒకసారి, ఆ కొట్టంలో బర్రెలుంటే నాకేమిటి అని ఒకసారి, నాకేమిటి అన్నందుకు సిగ్గుపడి ఒకసారి, లెక్క ఎక్కడా తేలలేదు. సత్తెమ్మ ఈ రెండు రోజులూ తన వంటగది వంతు చేసుకుంది, మొదటి ఏడు పిల్లలకు అక్షరాల పటాలు గీసిపెట్టింది.

మూడో రోజు పొద్దున మూడు వాక్యాలు రాశాను. “మా పుస్తకం ప్రకారం పన్నెండో వారం మూడో రోజు బుధవారం. సోమవారమని తమకు రాసింది నేను. సత్తెమ్మకు మంగళవారం వరకు సెలవిచ్చింది కూడా నేనే.” సెలవు చిట్టీ నకలు, ఆ వారం పేజీ జతచేశాను. ప్రిన్సిపాల్‌గారు చదివి, “ఇంత చిన్నదా అండీ?” అని మాత్రం అన్నారు. సంతకం పెట్టి ముద్ర వేశారు.

పదిహేనో వారం బుధవారం ఇన్‌స్పెక్ట్రెస్‌గారు మళ్ళీ వచ్చారు. ఈసారి ఉత్తరం ప్రిన్సిపాల్‌గారు రాశారు. సత్తెమ్మ కాల్చని కుండలో నీళ్ళు పోసింది. అది మెత్తబడి అడుగు జారుతుంటే పిల్లలు కేకలు వేశారు. కాల్చిన కుండలో పోసి, ఇది ఎందుకు కరగలేదని అడిగింది. ముందు వరసలోని చిన్నపిల్ల, “కరగంది మీ నాయిన చేసిండు, కరిగింది నువ్వు చేసినవ్” అంది. ఇన్‌స్పెక్ట్రెస్‌గారు నవ్వడం నేను అప్పుడే చూశాను. సత్తెమ్మ తొణకకుండా, రెండూ నాయిన చేసినవేనని, వాటిలో ఒక్కటి మాత్రమే నిప్పు చూసిందని చెప్పి పాఠం నడిపించింది. రిజిస్టరులో పాత పదం కొట్టేసి, పక్కన సంతకం చేసి, ఉత్తీర్ణురాలని రాశారు.

నా మిసిల్ మీద తేదీల పని అప్పగించరాదని రాశారు. పోస్టు పక్కా కాలేదు. ఏడాది చివర కొనసాగింపు కూడా రాలేదు. 1949 మే నెలలో తాళంచెవులు, హాజరు పట్టీ, మిగిలిన నీలం పుస్తకాలు అప్పగించి రసీదు తీసుకున్నాను. నా మీద రాసినదాంట్లో అన్యాయం లేదు. మణికొండ పటేలు కొట్టం ఖాళీ చేయడానికి ఇంకో నాలుగు నెలలు తీసుకున్నాడని విన్నాను. బడి నడుస్తోంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగినవి ఇవి. లెక్క మారేటప్పుడు మధ్యలో మిగిలే రోజును ఏదో ఒక వారానికి రాసిచ్చేయాలి, ఊరికే వదిలేయకూడదు. అంకె చెప్పినప్పుడు పక్కన రోజు పేరు చెప్పాలి. మన చేత్తో అచ్చువేయించిన పేజీనైనా ఉత్తరం రాసేముందు తెరిచి చూడాలి. తప్పు జరిగితే ఎవరు చేశారో మొదటి కైఫియత్‌లోనే రాయాలి. ఆ ఒక్కటీ రాయకుండా తక్కినదంతా ఎంత నిజంగా రాసినా, పై ఆఫీసువాళ్ళు ఆ ఖాళీని వదిలెయ్యరు, అక్కడ ఒక పేరు పెడతారు. నేను మూడు రోజులు ఆలస్యం చేసి ఉంటే అక్కడ సత్తెమ్మ పేరు ఉండేది. నేను రెండు రోజులు ఆలస్యం చేశాను.